స్మృతికి మూలం వెదకిన శాస్త్రవేత్త – కహాల్

హోసూరు, కృష్ణగిరి ప్రాంతాలలో తెలుగు మాధ్యమంలో చదువుకొన్న వారెవ్వరూ ఎక్కాలు, శతక పద్యాలు కంఠస్థం చేసిన రోజులను మరువలేరు. ఆనాడు నేర్చిన పద్యం మెదడులో ఏ రూపంలో నిలిచి ఉంటుంది? ఈ ప్రశ్నకు సమాధానం వెదకే మార్గం చూపిన మహనీయులలో అగ్రగణ్యుడు స్పెయిన్ దేశీయుడైన శాంటియాగో రామోన్ ఈ కహాల్. బాల్యంలో పాఠం అప్పజెప్పలేక దెబ్బలు తిన్న విద్యార్థి ఆయనే కావడం విశేషం.

కహాల్ 1852 మే 1న ఒక కొండ పల్లెలో జన్మించారు. వైద్యుడైన తండ్రి కఠిన క్రమశిక్షణ గలవారు. బాలునికి చిత్రలేఖనమే ప్రాణం. తండ్రికి అది వ్యర్థ వ్యాపకం. హాకా పట్టణంలోని పాఠశాలలో లాటిన్ పాఠాలు వల్లె వేయించేవారు. మాటలను యథాతథంగా అప్పజెప్పడం చేతకాని ఆ బాలునికి దండనలే మిగిలాయి. పదకొండవ ఏట సొంతంగా చేసిన ఫిరంగితో పొరుగువారి తోట తలుపు పగులగొట్టి చెరసాల కూడా చూశాడు. విసిగిన తండ్రి అతనిని కొంతకాలం క్షురకుని వద్ద, చెప్పులు కుట్టేవాని వద్ద పనికి కుదిర్చారు.

1868 వేసవిలో తండ్రి పాత శ్మశానంలోని ఎముకలు సేకరించి, వాటిని చూపుతూ శరీర నిర్మాణం బోధించారు. కుమారుడు వాటిని చిత్రించాడు. కంటితో చూచి, చేతితో గీచినది అతని మనస్సులో నాటుకొన్నది. నిరసనకు గురైన చిత్రకళయే విద్యకు ద్వారమయింది.

1873లో జరగోజాలో వైద్య పట్టభద్రులై, సైనిక వైద్యునిగా క్యూబాకు వెళ్ళి, మలేరియాతో కృశించి తిరిగివచ్చారు. పిదప వాలెన్సియా, బార్సిలోనా, మాద్రిద్ నగరాలలో ఆచార్యులుగా పనిచేశారు. ఇటలీ శాస్త్రవేత్త గోల్జీ 1873లో కనుగొన్న వెండి లవణపు రంజన పద్ధతిని 1887లో చూచి, దానిని మెరుగుపరచి, లేత మెదళ్ళపై ప్రయోగించారు. మెదడు ఎడతెగని వలవంటిదని గోల్జీ అభిప్రాయం. కహాల్ 1888లో దీనికి భిన్నమైన సత్యం ప్రకటించారు. మన మామిడితోపులలో కొమ్మలు ఎంత చేరువైనా ఏ చెట్టుకాచెట్టు వేరైనట్లే, నాడీకణాలు కూడా వేర్వేరు. 1889లో బెర్లిన్ వెళ్ళి సూక్ష్మదర్శినిలో స్వయంగా చూపి పెద్దలను ఒప్పించారు. 1906లో నోబెల్ బహుమతిని గోల్జీతో కలసి అందుకొన్నారు.

1894లో లండన్ రాయల్ సొసైటీలో ప్రసంగిస్తూ, అభ్యాసం వలన నాడీకణాల శాఖలు వృద్ధిచెంది, వాటి సంబంధాలు దృఢపడతాయని ప్రతిపాదించారు. కణాల నడుమ గల సన్నని ఎడమును 1950లలో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని చూపింది. పదేపదే ప్రేరేపిస్తే ఆ సంధులు దీర్ఘకాలం బలపడతాయని 1973లో కుందేళ్ళపై జరిపిన ప్రయోగాలు వెల్లడించాయి. కహాల్ 1934 అక్టోబరు 17న మాద్రిద్‌లో పరమపదించారు.

మందబుద్ధి అని ముద్ర వేయబడిన బాలుని మెదడు కూడా ప్రతి పాఠంతో కొంత మారుతూనే ఉంటుందని ఆయన శాస్త్రం చెబుతోంది. ఏ పిల్లవానికి ఏ ద్వారం తెరుచుకొంటుందో ఓపికతో కనిపెట్టవలసిన బాధ్యత తల్లిదండ్రులది, ఉపాధ్యాయులది. డెబ్బది అయిదేండ్ల విద్యాసేవను స్మరించుకొంటున్న ఈ శుభసమయాన, వెనుక బల్లపై బొమ్మలు గీస్తూ కూర్చున్న పిల్లవానిని కూడా ఒకసారి ఆదరంతో చూద్దాం.