పరికరం లేదా? చేసుకుందాం!

మీ ప్రాజెక్టుకు కావాల్సిన పరికరం ఎక్కడా దొరకట్లేదనుకోండి. ఏం చేస్తారు? టాపిక్ మార్చేస్తారా? జార్జ్ ఎలరీ హేల్ అలా చేయలేదు. తనే తయారుచేసుకున్నారు.

ఆయన 1868లో షికాగోలో పుట్టారు. తండ్రిది లిఫ్టుల వ్యాపారం. అందులో చేరిపోతే జీవితం సాఫీగా గడిచేదే. కానీ మనసంతా సూర్యుడి మీద! ఎంఐటీలో చదువుతుండగానే, సూర్యుణ్ని ఒకే రంగు వెలుగులో ఫొటో తీసే స్పెక్ట్రోహీలియోగ్రాఫ్‌కు రూపమిచ్చారు. 1892లో దానికి ఓ సౌరజ్వాల చిక్కింది. మర్నాడే భూమ్మీద అయస్కాంత తుఫాను వచ్చింది.

మరి సూర్యుడిలో అయస్కాంతం ఉందా? 1908లో మౌంట్ విల్సన్ కొండ మీద జవాబు దొరికింది. సూర్యుడి మచ్చల నుంచి వచ్చే వెలుగును విడదీసి చూస్తే, వర్ణపటంలో కొన్ని గీతలు చీలి కనిపించాయి. వెలుగు పుట్టేచోట బలమైన అయస్కాంత క్షేత్రం ఉంటే గీతలు అలా చీలతాయని జీమన్ అంతకుముందే ప్రయోగశాలలో చూపించారు. అలా, భూమికి ఆవల అయస్కాంత క్షేత్రాన్ని మొదట కనిపెట్టింది హేలే. మచ్చల్లో అది భూమి క్షేత్రం కన్నా వేల రెట్లు బలమైనది.

సౌరజ్వాలల గుట్టు కూడా ఇక్కడే ఉందని తర్వాతి తరాలు తేల్చాయి. మచ్చల దగ్గర అయస్కాంత రేఖలు మెలిపెట్టిన రబ్బరు బ్యాండులా శక్తిని దాచుకుంటాయి. మెలి మితిమీరితే, ఎదురెదురు రేఖలు తెగి కొత్తగా అతుక్కుంటాయి. దాగిన శక్తి నిమిషాల్లో బయటపడుతుంది. పెద్ద జ్వాల తర్వాత అక్కడి ఉపరితలం మీద క్షేత్రం మునుపటిలా ఉండదు. కొన్నిచోట్ల ఒక్కసారిగా అడ్డంగా వాలి, అలాగే ఉండిపోతుంది.

ఇంత సాధించిన మనిషినీ నరాల జబ్బు, కుంగుబాటు వదల్లేదు. పనులాపి నెలల తరబడి విశ్రాంతి తీసుకోవాల్సి వచ్చేది. చివరికి 1923లో అబ్జర్వేటరీ డైరెక్టర్ పదవే వదులుకున్నారు. అక్కడితో ఆగిపోయారా? లేదు. పాసడీనాలో చిన్న ల్యాబ్ పెట్టుకుని, సౌరజ్వాలల్ని నేరుగా కంటితోనే చూడగలిగే స్పెక్ట్రోహీలియోస్కోప్ తయారుచేశారు. అలాంటివి చాలా దేశాలకు వెళ్లాయి. మన కొడైకెనాల్‌కూ ఒకటొచ్చింది. 1938లో హేల్ కన్నుమూశారు.

2023లో మన శ్రీహరికోట నుంచి బయల్దేరిన ఆదిత్య-ఎల్1 పనుల్లో సౌరజ్వాలల్ని గమనించడమూ ఒకటి. రేపు అలాంటి మిషన్‌లో మీరూ ఉండొచ్చు. అప్పటిదాకా హేల్ నుంచి రెండు మాటలు గుర్తుపెట్టుకోండి. పరికరం లేదని ప్రశ్నను వదిలేయొద్దు. ఒంట్లో బాగోకపోతే పదవి వదులుకున్నా తప్పులేదు. పనిని మాత్రం మీ ఓపికకు తగ్గట్టు చిన్నది చేసుకుని కొనసాగించండి.