పిల్లల తోటమాలి ఫ్రోబెల్

ఫ్రెడ్రిక్ ఫ్రోబెల్ 1782లో జర్మనీ దేశమందలి ఒబెర్‌వైస్‌బాఖ్ గ్రామమున ఒక లూథరన్ పాదిరిగారి ఇంట జన్మించెను. ఏడాది నిండకముందే తల్లి మరణించెను. తండ్రికి సంఘపు పనులతో తీరిక లేదు. సవతి తల్లి ఆదరింపలేదు. ఆ లేమి ఎరిగినవాడు గనుక బడియీడు రాని పసివారిని గూర్చి ఆయన తలంచెను. 1837లో బ్లాంకెన్‌బర్గ్ ఊరిలో వారికొక శాల తెరచి, బంతులు, కొయ్యదిమ్మెలు, పాటలు, తోటపనుల ద్వారా నేర్పించెను. 1840లో దానికి కిండర్‌గార్టెన్, అనగా పిల్లల తోట, అని పేరు పెట్టెను.

అచ్చట నాస్తికత్వము నేర్పుచున్నారని ప్రష్యా ప్రభుత్వము 1851లో ఆ బడులను నిషేధించెను. మరుసటి యేడు ఆయన కన్నుమూసెను. 1860లో నిషేధము తొలగినది. ఆయన దానిని చూడలేదు.

సంఘపు పనులలో మునిగియుండు మేము ఈ చరిత్ర చదివినప్పుడెల్ల మా ఇంటి పసివారిని తలచుకొందుము.