తరిగొండ వెంగమాంబ

రాయలసీమలోని తరిగొండ గ్రామమున 1730వ సంవత్సరమున వెంగమాంబ జన్మించెను. తండ్రి కృష్ణయ్య, తల్లి మంగమాంబ. నాటి ఆచారము ననుసరించి తల్లిదండ్రులు ఆమెకు బాల్యముననే వివాహము చేసిరి. కొలదికాలమునకే భర్త మరణించెను.

ఆ దినములలో బాలవితంతువుల బ్రతుకు మిక్కిలి దుర్భరము. శిరోముండనము చేయించుకొని, పసుపు కుంకుమలు విడిచి, ఇంటిమూల నణగియుండవలయును. అది నొసటివ్రాత యని లోకము చెప్పెను. వెంగమాంబ ఆ మాట నంగీకరింపలేదు. శ్రీ వేంకటేశ్వరుడే తన పతి యని నిశ్చయించుకొని, సుమంగళీ చిహ్నములను ధరించియే యుండెను. బంధువులును గ్రామస్థులును నిందించిరి; ఆమె చలింపలేదు. మదనపల్లెకు చెందిన సుబ్రహ్మణ్యశాస్త్రి యను గురువు నాశ్రయించి ఉపదేశము పొందెను. తరిగొండ నృసింహస్వామిపై శతకము రచించెను.

పిదప స్వగ్రామమును విడిచి తిరుమల చేరెను. అచ్చటి తుంబురుకోనలో ఏకాంతముగా తపస్సు చేసెను. ద్విపద భాగవతము, వేంకటాచల మాహాత్మ్యము మున్నగు గ్రంథములను, పెక్కు యక్షగానములను రచించెను. 1817వ సంవత్సరమున తిరుమలలోనే దేహము చాలించెను.

స్వామివారి ఏకాంతసేవలో వెంగమాంబ పేర ముత్యాలహారతి నేటికిని జరుగుచున్నది. తిరుమలలో వేలకొలది భక్తులు నిత్యము భుజించు అన్నప్రసాద భవనమునకు ఆమె పేరే పెట్టబడినది.

వైధవ్యము ఆమె కోరి తెచ్చుకొన్నది కాదు. అటుపిమ్మట ఏమి చేయవలయునో, ఎట్లు జీవింపవలయునో మాత్రము ఆమెయే నిర్ణయించుకొనెను. విధికి లొంగని ఆ సంకల్పమే ఒక పల్లెబాలికను భక్తకవయిత్రిగా తీర్చిదిద్దెను.