ఎంజైముల గుట్టుకు దారి చూపిన భీమవరం బిడ్డ

భీమవరం: మానవ దేహంలో అనుక్షణం వేలాది రసాయన చర్యలు జరుగుతుంటాయి. వాటిని పరుగెత్తించేవి ఎంజైములు. వాటి పనిని కొలిచే మార్గం చూపి, అందులో ఒకదానిని అడ్డుకునే మందుతో క్యాన్సర్ చికిత్సకు బాట వేసిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు.

యవ్వనంలోనే ఇద్దరు సోదరులను స్ప్రూ అనే పేగుల వ్యాధి బలిగొంది. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించినందుకు ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురై, ఎంబీబీఎస్‌కు బదులు ఎల్ఎంఎస్‌తో సరిపెట్టుకోవలసి వచ్చింది. అనంతరం అమెరికాలోని హార్వర్డ్ వైద్య కళాశాలలో చేరారు.

తూము తెరిచినట్లు..

కాలువ నీరు గట్టు పొర్లి చేలోకి రావాలంటే కాలువ నిండాలి. అదే తూము తెరిస్తే తక్కువ నీరున్నా పారుతుంది. ఎంజైము చేసే పని ఇటువంటిదే. రసాయన చర్య మొదలవడానికి కావలసిన శక్తిని అది తగ్గిస్తుంది. పదార్థం ఎంజైములోని ప్రత్యేక స్థానంలో అమరి, మార్పు చెంది వెలుపలికి వస్తుంది. ఎంజైము మాత్రం ఖర్చు కాక మళ్లీ పనికి సిద్ధమవుతుంది.

ఫిస్కేతో కలిసి సుబ్బారావు 1925లో భాస్వరాన్ని నీలి రంగు గాఢతను బట్టి లెక్కించే పద్ధతిని ప్రకటించారు. భాస్వర సమ్మేళనాలను విడగొట్టే ఎంజైముల వేగాన్ని కొలిచేందుకు ఇది ఎందరికో సాధనమైంది. కండరాలలో శక్తినిచ్చే ఏటీపీని వీరు 1929లో వెల్లడించారు.

పసిపిల్లలకు ఊపిరి

1940లో లెడర్లే ప్రయోగశాలకు మారిన ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. సోదరులను కబళించిన స్ప్రూకు అది ఔషధమైంది. దానిని పోలిన అమినోప్టెరిన్‌ను కూడా ఆ బృందమే రూపొందించింది. బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ దానిని రక్త క్యాన్సర్ సోకిన 16 మంది చిన్నారులకు ఇవ్వగా, 10 మందిలో మెరుగుదల కనిపించినట్లు 1948లో ప్రకటించారు. ఆ ఉపశమనం తాత్కాలికమే అయినా, అంతవరకు ఏ ఆశా లేని వ్యాధికి అదే తొలి వెలుగు.

కణం విభజన చెందాలంటే ఫోలిక్ ఆమ్లాన్ని ఒక ఎంజైము మార్చి ఇవ్వాలి. పోలికలో దగ్గరైన ఈ మందు ఆ స్థానంలో చేరి, తూములో ఇరుక్కున్న దుంగలా కదలదు. దానితో క్యాన్సర్ కణం పెరుగుదల ఆగుతుంది. ఈ కిటుకు 1950 దశకంలో తేటతెల్లమైంది. అప్పటికి సుబ్బారావు లేరు. స్వదేశానికి తిరిగి రాకుండానే 1948 ఆగస్టులో 53వ ఏట కన్నుమూశారు.

అదే కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ రక్త క్యాన్సర్ చికిత్సలో, తక్కువ మోతాదులో కీళ్లవాతానికీ వాడుకలో ఉంది.