చందా జోలె పట్టిన సర్ సయ్యద్

ముండ్లమూరు, దర్శి, మార్కాపురం, గిద్దలూరు వైపు మన ఊళ్ళల్లో మసీదు మీనారుకి చందా అంటే ఎవరూ కాదనరు. కూలికెళ్ళే మనిషి కూడా ఎంతో కొంత ఇస్తాడు. బడికి చందా అంటే మాత్రం, అది సర్కారు చూసుకుంటుంది కదా అంటాం. నూటాయాభై ఏళ్ళ కింద ఇదే మాట విని, విన్నా వెనక్కి తగ్గని మనిషి సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్. ఆయన్ని అలీగఢ్ స్థాపకుడని అందరం అంటాం. ఆ డబ్బు ఎలా పోగుచేశారన్నది తక్కువమందికి తెలుసు.

1817 అక్టోబర్ 17న ఢిల్లీలో పుట్టారు. కంపెనీ కోర్టుల్లో మున్సిఫ్‌గా పనిచేశారు. 1857 తిరుగుబాటు తర్వాత ఢిల్లీ ముస్లిం కుటుంబాలు కూలిపోవడం కళ్ళారా చూశారు. 1859లో మొరాదాబాద్‌లో, తర్వాత గాజీపూర్‌లో బడులు పెట్టించారు. గాజీపూర్ బడికి హిందువులు, ముస్లింలు కలిసి చందాలిచ్చారు. 1869లో ఇంగ్లండు పోవడానికి చేతిలో డబ్బు లేక ఢిల్లీలోని ఇల్లు తాకట్టు పెట్టి, పుస్తకాలు అమ్ముకున్నారు. అక్కడి కాలేజీలు చూసొచ్చాక ఇక అదే ధ్యాస.

1872లో కాలేజీ ఫండ్ కమిటీ మొదలైంది. మొదలవగానే ఫత్వాలూ మొదలయ్యాయి. మక్కా నుంచి కూడా తెప్పించారు. ఆయన మత విషయాల్లో రాసిన కొన్ని మాటలు చాలామంది ఆలిములకి నచ్చలేదు, ఆ అభ్యంతరం ఈనాటికీ ఉంది. కానీ వ్యతిరేకించిన ఊళ్ళకే ఆయన చందాకి వెళ్ళారు. పంజాబ్ అంతా తిరిగారు. ఎవరైనా దావత్‌కి పిలిస్తే, ఆ భోజనానికయ్యే ఖర్చు నగదుగా కాలేజీకి ఇవ్వమని అడిగేవారు. ఎవరింట్లో పెళ్ళయినా, బిడ్డ పుట్టినా అక్కడ కాలేజీ మాట ఎత్తేవారు. ఇంత మొహమాటం లేని మనిషిని చూసి స్నేహితులు తప్పుకు తిరిగే వాళ్ళేమో!

పెద్ద మొత్తాలు రాజుల దగ్గర్నుంచి వచ్చాయి. పటియాలా మహారాజా ఇచ్చారు, మన తెలుగు గడ్డ మీది విజయనగరం మహారాజా ఇచ్చారు. హైదరాబాద్ నుంచి సాలార్‌జంగ్ చెయ్యి అందించారు, నిజాం సర్కారు గ్రాంటు వచ్చింది. 1891లో డెప్యుటేషన్‌తో స్వయంగా హైదరాబాద్ వచ్చి ఆ గ్రాంటు పెంచమని అడిగారు. రాజులతోనే సరిపెట్టుకోలేదు. ఎక్కువ ఇచ్చిన వాళ్ళ పేరు హాస్టల్ గది మీద, తక్కువ ఇచ్చిన వాళ్ళ పేరు ప్రహరీ గోడ రాయి మీద చెక్కించారు. ఈనాటికీ అలీగఢ్‌లో ఆ రాళ్ళు చదవొచ్చు. చిన్న జీతగాడి పేరు కూడా గోడలో భాగమైతే, ఆ గోడ మీద ఎవరైనా రాయి వేస్తుంటే అతనే ముందు ఉరుకుతాడు కదా.

ఎగ్జిబిషన్‌లో దుకాణం పెట్టి పుస్తకాలు అమ్మారు. డెబ్భై దాటిన వయసులో స్టేజీ ఎక్కి జనం ముందు గజల్ చదివారు. పెద్ద కుటుంబం వాడు, సర్ బిరుదున్నవాడు ఇలా చేయడమేంటని ఊరంతా నవ్వింది. లాటరీ కూడా వేశారు. అది దీన్‌కి సరికాదని అప్పుడే గట్టిగా ఆక్షేపించారు. నేనూ దాన్ని సమర్థించను.

అడగడమే కాదు, తన ఇంటి నుంచీ ఇచ్చారు. కొడుకు మహమూద్ పెళ్ళికి వలీమా విందు పెట్టకుండా 500 రూపాయలు కాలేజీకి జమ చేశారు. మనవడు రాస్ మసూద్ బిస్మిల్లా కాలేజీ హాల్లోనే జరిగింది. పిల్లాడు తాతగారి స్నేహితుడు రాజా జైకిషన్ దాస్ ఒళ్ళో కూర్చున్నాడు. మిఠాయిలకి బదులు మళ్ళీ 500 కాలేజీకే.

1875 మే 24న బడి తెరుచుకుంది. 1877 జనవరి 8న వైస్రాయ్ లిట్టన్ కాలేజీకి పునాదిరాయి వేశారు. చందా ఇచ్చిన హిందువుల పిల్లలూ అక్కడే చదివారు. ఆ కాలేజీ నుంచి మొదట బి.ఏ. పాసైన విద్యార్థి ఈశ్వరీ ప్రసాద్. ఆడపిల్లల బడికి మాత్రం ఆయన ముందుకు రాలేదు, అది లోటే. 1906లో షేక్ అబ్దుల్లా, ఆయన భార్య ఆ పని చేశారు.

ఇక అసలు దెబ్బ. ఇంత కష్టపడి కూడబెట్టిన మనిషి లెక్కల దగ్గర ఓడిపోయారు. ఆయనకి ఇంగ్లీషు పెద్దగా రాదు, బ్యాంకు కాగితాలేమో ఇంగ్లీషులో ఉండేవి. నమ్మిన హెడ్ క్లర్కు దొంగ సంతకాలతో ఏళ్ళ తరబడి డబ్బు లాగేశాడు. 1895లో బయటపడేసరికి లక్ష రూపాయల పైచిలుకు పోయింది. గోడ రాళ్ళ మీద పేర్లున్న వాళ్ళందరి డబ్బది. చందాలు మందగించాయి, పిల్లలు తగ్గారు. కాలేజీ మూతపడుతుందన్న భయం పట్టుకుంది. పై నుంచి లెక్క చూసే రెండో కన్ను లేకపోవడం వల్లే ఇది జరిగింది. పెద్దమనిషి మీద ఉన్న గౌరవంతో ఎవరూ ఖాతా పుస్తకం అడగలేదు. మన కమిటీల్లో కూడా ఇప్పటికీ అడగం.

ఆ దిగులు నుంచి ఆయన తేరుకోలేదు. 1898 మార్చి 27న కన్నుమూశారు. లక్షలు పోగుచేసిన చేతుల్లో కఫన్‌కి సరిపడా డబ్బు లేదు. నవాబ్ మొహసినుల్ ముల్క్ ఆ ఖర్చు పెట్టుకున్నారు. కాలేజీ మసీదు ప్రాంగణంలో ఖననం చేశారు. ఈ మొహసినుల్ ముల్క్ హైదరాబాద్ సర్కారులో ఏళ్ళపాటు పెద్ద పదవుల్లో పనిచేసి వెళ్ళిన మనిషే. ఆయన, తోటివాళ్ళు సర్ సయ్యద్ మెమోరియల్ ఫండ్ పెట్టి ఊరూరా తిరిగి కాలేజీని నిలబెట్టారు. 1920లో అది యూనివర్సిటీ అయింది.

రాజా జైకిషన్ దాస్ ఒళ్ళో అలిఫ్, బే దిద్దిన ఆ మనవడు రాస్ మసూద్ 1916లో హైదరాబాద్ వచ్చి రాజ్యంలో చదువుల శాఖ డైరెక్టరయ్యాడు. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ నిలబడడంలో ఆయన చెయ్యి ఉంది. 1947లో కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హక్ ఉస్మానియా కాలేజీ పెట్టారు. అప్పటికి ప్రకాశం జిల్లా లేదు. ముండ్లమూరు నెల్లూరు జిల్లాలో ఉండేది. మార్కాపురం, కంభం, గిద్దలూరు కర్నూలు జిల్లావే. ఆ ఊళ్ళ పిల్లలకి అది సొంత జిల్లా కాలేజీ.