కోకా సుబ్బారావు

కోకా సుబ్బారావు (జూలై 15, 1902 - మే 6, 1976) భారత సుప్రీంకోర్టు తొమ్మిదవ ప్రధాన న్యాయమూర్తి. ప్రాథమిక హక్కులను హరించే అధికారం పార్లమెంటుకు సైతం లేదని చెప్పిన గోలక్‌నాథ్ తీర్పుతో ప్రసిద్ధుడు.

జీవిత విశేషాలు

ఈయన రాజమండ్రిలో జన్మించాడు. తండ్రి న్యాయవాది. మద్రాసు లా కాలేజీలో చదివి, కొద్ది నెలలు బాపట్లలో జిల్లా మునసబుగా పనిచేసిన తరువాత మద్రాసులో న్యాయవాదిగా స్థిరపడ్డాడు. 1948లో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తిగా, 1954లో గుంటూరులో ఏర్పడిన ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తిగా నియమితుడయ్యాడు. 1958లో సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. పోలీసు నిఘాకు సంబంధించిన ఖరక్ సింగ్ కేసులో (1962) మెజారిటీతో విభేదించి, ఏకాంతం వ్యక్తిస్వేచ్ఛలో భాగమేనని వ్రాశాడు. ఆ అభిప్రాయాన్ని సుప్రీంకోర్టు 2017లో ఆమోదించింది.

గోలక్‌నాథ్ కేసు

పంజాబు భూపరిమితి చట్టం వల్ల జలంధర్‌కు చెందిన గోలక్‌నాథ్ కుటుంబం తమ 500 ఎకరాలలో చాలా భాగం కోల్పోవలసి వచ్చింది. 1964 నాటి 17వ సవరణ ఆ చట్టానికి రాజ్యాంగ రక్షణ కల్పించింది. రాజ్యాంగంలో ఏ భాగాన్నైనా పార్లమెంటు సవరించవచ్చని సుప్రీంకోర్టు అంతకుముందే 1951లోను, 1964లోను చెప్పి ఉన్నది. సుబ్బారావు అధ్యక్షతన 11 మంది న్యాయమూర్తుల ధర్మాసనం 1967 ఫిబ్రవరి 27న దానిని త్రోసిపుచ్చింది. రాజ్యాంగ సవరణ కూడా చట్టమేననీ, అది ప్రాథమిక హక్కులను తగ్గిస్తే చెల్లదనీ ఆరుగురు, చెల్లుతుందని ఐదుగురు నిర్ణయించారు. ఒక్క ఓటు తేడాతో పార్లమెంటు అధికారానికి హద్దు ఏర్పడింది.

అయితే పాత సవరణలను రద్దుచేస్తే దేశమంతటా భూసంస్కరణలు తారుమారవుతాయి. అందుచేత ఈ తీర్పు ఇకముందు చేసే సవరణలకే వర్తిస్తుందని సుబ్బారావు నిర్ణయించాడు. అమెరికా న్యాయస్థానాలలో ఉన్న ఈ పద్ధతిని భారతదేశంలో ప్రవేశపెట్టినది ఈయనే. కేసుకు పేరునిచ్చిన కుటుంబానికి మాత్రం భూమి దక్కలేదు.

రాష్ట్రపతి ఎన్నిక

తీర్పు వెలువడి రెండు నెలలు కూడా నిండకముందే, పదవీ విరమణకు మూడు నెలలు ఉండగా, ఏప్రిల్ 11న రాజీనామా చేసి ప్రతిపక్షాల అభ్యర్థిగా రాష్ట్రపతి పదవికి పోటీచేశాడు. జాకీర్ హుస్సేన్‌కు 4,71,244, సుబ్బారావుకు 3,63,971 ఓట్లు వచ్చాయి. న్యాయపీఠం నుండి నేరుగా ఎన్నికలలోకి దిగడం విమర్శలకు గురైంది. కోర్టు రాజకీయాలలో తలదూర్చిందని వాదించేవారికి ఇది బలమిచ్చింది.

ఇందిరా గాంధీ ప్రభుత్వం 1971లో 24వ సవరణ ద్వారా పార్లమెంటు అధికారాన్ని పునరుద్ధరించింది. 1973లో కేశవానంద భారతి కేసులో సుప్రీంకోర్టు గోలక్‌నాథ్ తీర్పును రద్దుచేసి, సవరణలు రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని మార్చరాదని మరొక హద్దు విధించింది. సుబ్బారావు 1976 మే 6న, అత్యవసర పరిస్థితి అమలులో ఉండగా మరణించాడు.