టామ్ కిల్‌బర్న్ (1921–2001)

ఒకే ఇంట్లో నాలుగు కుటుంబాలు అద్దెకు ఉన్నాయనుకోండి. గదులకు తాళాలు లేకపోతే ఒకరి సామాను మరొకరి చేతిలో పడుతుంది. కంప్యూటరు మెమరీలో కూడా ఒకేసారి అనేక ప్రోగ్రాములు ఉంటాయి. ఒక ప్రోగ్రాములోని తప్పు వల్ల మరొకటి పాడైపోకుండా కాపాడేది ఎవరు? ఈ ప్రశ్నకు తొలిదశలో దారి చూపినవారిలో టామ్ కిల్‌బర్న్ ఒకరు. ఆయన జీవితాన్ని గురించి తెలుసుకుందాం.

తొలి జీవితం

కిల్‌బర్న్ 1921 ఆగస్టు 11న ఇంగ్లండులోని డ్యూస్‌బరీ పట్టణంలో జన్మించారు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో గణితం చదివారు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, 1942లో, రాడార్ పరిశోధన సంస్థలో చేరి ఫ్రెడరిక్ విలియమ్స్ దగ్గర పనిచేశారు. యుద్ధం ముగిసిన తరువాత ఇద్దరూ మాంచెస్టర్ విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. టీవీ తెర వంటి గొట్టంలో అంకెలను నిలవ చేసే పద్ధతిని అక్కడ అభివృద్ధి చేశారు. దానిని పరీక్షించడానికి నిర్మించిన చిన్న యంత్రంపై 1948 జూన్ 21న కిల్‌బర్న్ రాసిన ప్రోగ్రాము నడిచింది. ఎలక్ట్రానిక్ మెమరీలో నిలవ చేసిన ప్రోగ్రాము నడవడం అదే మొదటిసారి.

అట్లాస్ కంప్యూటరు

1956లో కిల్‌బర్న్ బృందం చాలా వేగంగా పనిచేసే కంప్యూటరు నిర్మాణానికి పూనుకొంది. 1959లో ఫెరాంటీ కంపెనీ ఇందులో చేరింది. అట్లాస్ అనే ఈ యంత్రం 1962 డిసెంబరు 7న ప్రారంభమైంది. ఇంత ఖరీదైన యంత్రం ఖాళీగా ఉండకూడదు. కాబట్టి అనేక ప్రోగ్రాములను మెమరీలో ఉంచి, వంతులవారీగా నడపాలి. చిక్కు ఇక్కడే వచ్చింది. వేగంగా పనిచేసే మెమరీలో 16,384 పదాలకే చోటుంది. (పదం అంటే యంత్రం ఒక్కసారిగా తీసుకొనే అంకెల గుంపు.) మిగిలినదంతా నెమ్మదిగా పనిచేసే డ్రమ్ములపై ఉండేది.

కిల్‌బర్న్ బృందం మెమరీని 512 పదాల చొప్పున 32 పేజీలుగా విభజించింది. ప్రతి పేజీకి ఒక రిజిస్టరు ఉంటుంది. అక్కడ ఏ సమాచారం ఉందో అది చెబుతుంది. కావలసిన పేజీ లేకపోతే యంత్రం ప్రోగ్రామును ఆపుతుంది. అప్పుడు సూపర్‌వైజర్ అనే పర్యవేక్షక ప్రోగ్రాము ఆ పేజీని డ్రమ్ము నుంచి తెస్తుంది.

తాళం ఎలా పనిచేస్తుంది?

ప్రతి రిజిస్టరులోనూ తాళం వంటి ఒక అంకె ఉంది. అది వేసి ఉంటే, నడుస్తున్న ప్రోగ్రాము ఆ పేజీని ముట్టుకోలేదు. అయితే ఏ పేజీ ఎవరిదో తాళానికి తెలియదు. ఆ లెక్క సూపర్‌వైజర్ ఉంచుకోవాలి. వంతు మారినప్పుడల్లా ఇతరుల పేజీలకు తాళం వేసి, వంతు వచ్చినవారి పేజీలకు తీయాలి. డ్రమ్ముతో ఇచ్చిపుచ్చుకొంటున్న పేజీకి కూడా తాళం ఉండాలి. అందుకే డేవిడ్ హోవార్త్ బృందం సూపర్‌వైజరును ఈ తాళాలకు తగినట్లుగా రాసింది. సూపర్‌వైజరులో చాలా భాగాన్ని, ఏ ప్రోగ్రామూ చెరపలేని స్థిర మెమరీలో ఉంచారు. కాపలాదారుకే కాపలా ఉండాలి కదా!

యంత్రం అడ్డుకొంటుంది, సూపర్‌వైజర్ నిర్ణయిస్తుంది. ఈ రెండింటిలో ఏ ఒక్కటీ ఒంటరిగా రక్షణ ఇవ్వలేదు.

తరువాతి కాలం

1964లో మాంచెస్టర్‌లో ఏర్పడిన కంప్యూటర్ సైన్స్ శాఖకు కిల్‌బర్న్ అధిపతి అయ్యారు. 1981లో పదవీ విరమణ చేశారు. 2001 జనవరి 17న మరణించారు. మీ చేతిలోని ఫోనులో కూడా మెమరీ పేజీలుగానే ఉంటుంది. పేజీ పేజీకీ అనుమతి ఉంటుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. అట్లాస్ మెమరీలో ఎన్ని పేజీలు ఉండేవి? ఒక్కొక్క పేజీలో ఎన్ని పదాలు?
2. తాళం ఉన్నా సూపర్‌వైజర్ ఎందుకు అవసరం?
3. సూపర్‌వైజరులో చాలా భాగాన్ని స్థిర మెమరీలో ఎందుకు ఉంచారు?